దావా గెలవడం వేరు, డబ్బు చేతికి రావడం వేరు

హైదరాబాద్‌లో డబ్బు గొడవ ముదిరితే ముందు వినిపించే మాట "పద, స్టేషన్‌కు పోదాం" అని. అప్పిచ్చి తిరిగి రాబట్టుకోలేనివారు, ప్లాటుకు అడ్వాన్సు కట్టి మోసపోయామనుకునేవారు, ఖాళీ చేసి వెళ్లినా డిపాజిట్ చేతికి రాని కిరాయిదారులు మొదట ఎస్సై టేబుల్ ముందే నిలబడతారు. కాసేపు విన్నాక ఆయన చెప్పేది ఎక్కువసార్లు ఒకటే: "ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకు పొండి." వినేవారికి అది తప్పించుకునే మాటలా తోస్తుంది. కొన్నిసార్లు అంతే కావచ్చు కూడా. కానీ చాలాసార్లు చట్టం చెప్పేదీ అదే. అప్పు తీర్చకపోవడం దానంతట అది నేరం కాదు. డబ్బు తీసుకున్న నాడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించగలిగితేనే అది మోసం కేసవుతుంది. పాత 420 సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ దాన్ని చూస్తోంది.

మరి సివిల్ కోర్టుకు వెళ్తే ఏం జరుగుతుంది? అక్కడ ఎవరినీ శిక్షించమని అడగరు. "నాకు రావాల్సింది ఇది, దానికి ఆధారం ఇది, ఇప్పించండి" అని అడుగుతారు. దావా అంటే ఇంతే. దీన్ని నడిపే బాధ్యత ప్రభుత్వానిది కాదు, వేసినవారిదే. ఆధారాలు వెతికిపెట్టే దర్యాప్తు అధికారి ఉండడు. కాగితం దొరకలేదన్నా, సాక్షి రాలేదన్నా నష్టం వాదికే. క్రిమినల్ కేసులో అనుమానానికి తావులేకుండా రుజువు కావాలి. ఇక్కడ మాత్రం ఇద్దరి కథల్లో ఏది ఎక్కువ నమ్మదగిందన్నదే కొలత. ఇక అడగనిది కోర్టు మామూలుగా ఇవ్వదు. దావా కాగితం (ప్లెయింట్) చివర "ప్రేయర్" కింద, అంటే ఏం ఇప్పించమని కోరుతున్నారో, రాసే నాలుగు లైన్ల మీద అందుకే పాత వకీళ్లు మిగతా పది పేజీల కంటే ఎక్కువసేపు కూర్చుంటారు.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. కూకట్‌పల్లిలో ఉండే ఒకాయన, మలక్‌పేటలో ఉండే తెలిసినవారికి ఆరు లక్షలు చేబదులు ఇచ్చాడు. ప్రోనోటు రాయించుకున్నాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఏడాది పాటు వడ్డీ అందింది, తర్వాత ఆగిపోయింది. ఫోన్ ఎత్తడం మానేశారు.

మొదట చూడాల్సింది నోటు మీది తేదీ. అడిగినప్పుడు కడతానని రాసే ఆన్ డిమాండ్ ప్రోనోటుకు 1963 లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు. అది లెక్కలోకి వచ్చేది డబ్బు అడిగిన రోజు నుంచి కాదు, నోటు రాసిన రోజు నుంచి. "నేను అడిగింది మొన్ననే కదా" అన్న వాదన నిలవదు. మూడేళ్లు దాటిందంటే నోటు మురిగిపోయినట్టే. మధ్యలో కొంత సొమ్ము ముట్టి, ముట్టినట్టు నోటు వెనక చెల్లు రాసి అప్పు తీసుకున్నవారు సంతకం చేసి ఉంటే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. ఆ చెల్లు కూడా మొదటి గడువు దాటకముందే పడాలి. చాలామంది వడ్డీని ఫోన్‌పేలో తీసుకుంటారు, నోటు వెనక రాయించరు. ఏళ్ల తరబడి వడ్డీ అందుతోంది కదా అన్న ధీమాతోనే నోటు మురిగిపోతుంది. డబ్బు పంపినవారి చేతిరాతో సంతకమో ఉన్న రుజువు లేకపోతే, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించే జమ ఒక్కటే గడువును పొడిగిస్తుందా అన్నది వేరే పెద్ద వాదన.

తేదీ సరిపోతే స్టాంపు సంగతి. మిగతా కాగితాలకు స్టాంపు తక్కువైతే జరిమానా కట్టి కోర్టులో పెట్టుకునే వీలుంది. ప్రోనోటుకు ఆ మినహాయింపు లేదు. రెవెన్యూ స్టాంపు లేని ప్రోనోటు తర్వాత ఎంత జరిమానా కట్టినా సాక్ష్యంగా పనికిరాదు. ఆ అంగుళం స్టాంపు అంటించనందుకు లక్షలు పోగొట్టుకున్నవాళ్లను ఏ సివిల్ వకీలును అడిగినా చూపిస్తాడు.

ఆరు లక్షలు నగదుగా ఇచ్చి ఉంటే ఇంకో చిక్కు. 20 వేలు, అంతకు మించిన అప్పు నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. 2 లక్షలు, అంతకు మించి నగదు చెల్లించామని దావాలో చెబితే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కోర్టులను ఆదేశించింది. ప్లెయింట్‌లో "నగదుగా ఇచ్చాను" అని రాసే ముందు ఆ నగదు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలగాలి. ఇక అప్పులివ్వడమే వ్యాపారంగా ఉన్నవారి మీద నిజాం కాలం నాటి చట్టం ఒకటి ఇప్పటికీ కాపలా ఉంది. నిజాం రాజ్యం వాడిన ఫసలీ లెక్కలో 1349లో వచ్చిన మనీ లెండర్స్ చట్టం తెలంగాణ ప్రాంతంలో నేటికీ అమల్లో ఉంది. లైసెన్సు లేని వడ్డీ వ్యాపారి వేసిన దావాను కొట్టేయొచ్చు. ఎప్పుడో ఒకసారి తెలిసినవారికి సాయంగా ఇచ్చిన అప్పుకు అది వర్తించదు, కానీ ప్రతివాది వకీలు ఆ అస్త్రం వేసి చూడకుండా ఉండడు.

ఎక్కడ వేయాలి అన్నది ఈ నగరంలో కాస్త తికమక. మనిషి దృష్టిలో హైదరాబాద్ అంతా ఒకటే ఊరు. కోర్టుల లెక్కలో అది హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాల మధ్య ముక్కలైన ఊరు. డబ్బు దావా ప్రతివాది ఉండేచోటైనా వేయొచ్చు, లావాదేవీ జరిగిన చోటైనా వేయొచ్చు. మలక్‌పేట మనిషి మీద పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టుకు పోవచ్చు. డబ్బు చేతులు మారింది కూకట్‌పల్లిలో అయితే అక్కడి కోర్టులోనూ వేయొచ్చు. భూమి గొడవకు ఆ వెసులుబాటు లేదు, భూమి ఎక్కడుంటే అక్కడికే. ఇద్దరూ బంజారాహిల్స్‌లోనే ఉన్నా, ప్లాటు రంగారెడ్డి జిల్లాలో ఉంటే ఆ జిల్లా కోర్టుకే తిరగాలి. అక్కడ కూడా జూనియర్ సివిల్ జడ్జి ముందా, సీనియర్ సివిల్ జడ్జి ముందా అన్నది దావా విలువ తేలుస్తుంది. కోర్టు ఫీజును కూడా ఆ విలువే తేలుస్తుంది.

ఈ పద్ధతంతా 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. మూసీ వరద ఈ నగరాన్ని ముంచిన ఏడాదే అది బ్రిటిష్ ఇండియాలో చట్టమైంది. నిజాం రాజ్యానికి సొంత కోర్టులు, సొంత పద్ధతి ఉండేవి. కోడ్ ఇక్కడ అడుగుపెట్టింది 1951లోనే.

లాయర్ నోటీసు ఇవ్వడం తప్పనిసరి అని చాలామంది అనుకుంటారు. మామూలు డబ్బు దావాకు కాదు. ప్రభుత్వం మీద వేసేటప్పుడు మాత్రం 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. చెక్కు బౌన్సయితే లెక్క వేరు. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక 15 రోజుల గడువు, అప్పటికీ కట్టకపోతే నెలలోగా ఫిర్యాదు. ఫిర్యాదు ఆ నెల దాటితే ఆలస్యానికి సరైన కారణం చూపి కోర్టును బతిమాలుకోవాల్సిందే. చెక్కు కేసు క్రిమినల్ కోర్టులో నడుస్తుంది, రెండేళ్ల దాకా జైలు లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా పడొచ్చు. నోటుతో పాటు ఖాళీ చెక్కు కూడా తీసుకునే అలవాటు ఇక్కడ పాతుకుపోవడానికి కారణం ఆ జైలు భయమే.

దావా నంబరయ్యాక సమన్లు వెళ్తాయి. ఇంట్లో లేరని, తాళం వేసుందని, ఇల్లు మారారని తిరిగి వస్తాయి. ఇక్కడే నెలలు కరిగిపోతాయి. సమన్లు అందాక 30 రోజుల్లో ప్రతివాది తన రాతపూర్వక జవాబు, అంటే రిటెన్ స్టేట్‌మెంట్, వేయాలి, కోర్టు 90 రోజుల దాకా పొడిగించొచ్చు. ఈ 90 రోజులు మామూలు దావాల్లో దాటరాని గీత కాదని 2005లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత అది ఎంత సాగిందో ఏ కోర్టు హాల్లో కూర్చున్నా తెలుస్తుంది. కమర్షియల్ కోర్టుల్లో మాత్రం 120 రోజులు దాటితే తలుపు మూసుకుంటుంది. అసలు హాజరు కాకపోతే అతను లేకుండానే తీర్పు, అంటే ఎక్స్ పార్టీ డిక్రీ. వాది సంబరపడేలోపే "నాకు సమన్లు అందలేదు" అంటూ దాన్ని రద్దు చేయమని పిటిషన్ పడుతుంది, దావా మళ్లీ మొదటికొస్తుంది.

ప్రోనోటు మీద దావాకు ఒక దగ్గరి దారి ఉంది. కోడ్‌లో 37వ ఆర్డర్ కింద వేసే సమ్మరీ దావాలో ప్రతివాది పది రోజుల్లో హాజరు కావాలి, పోరాడాలంటే ముందు కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. చెప్పుకోదగ్గ వాదన ఏదీ లేకపోతే డిక్రీ త్వరగా వస్తుంది. విచారించాల్సిన అంశం ఏదైనా కనిపిస్తే అనుమతి ఇస్తారు, అప్పుడది మామూలు దావాలా మారిపోతుంది.

ఆ "అంశం" ఎలా పుడుతుందో చూడాలంటే రిటెన్ స్టేట్‌మెంట్ చదవాలి. ప్రోనోటు దావాలో రెండు పాతపాటలు వినిపిస్తాయి. ఒకటి, "ఆ సంతకం నాది కాదు." రెండోది, "సంతకం నాదే, ఇంకేదో చీటీ లావాదేవీ కోసం ఖాళీ నోటు మీద పెట్టిచ్చాను, దాన్ని నింపి దావా వేశారు." మొదటి పాట ఎత్తుకుంటే నోటును నిపుణుల పరిశీలనకు పంపమని పిటిషన్ వేస్తారు. పోల్చడానికి అదే కాలం నాటి సంతకాలు కావాలి, బ్యాంకు నుంచి పాత ఫారాలు తెప్పించాలి, నోటు రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పోయి నివేదికతో తిరిగి రావాలి. ఆ పిటిషన్ మీద ఒక వాదన, ఉత్తర్వును సవాలు చేస్తూ హైకోర్టులో రివిజన్. అసలు దావా అక్కడే కూర్చుంటుంది. సంతకం రుజువైందంటే మాత్రం చట్టం వాది వైపు మొగ్గుతుంది. ప్రతిఫలం తీసుకునే సంతకం పెట్టాడని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ ఊహిస్తుంది, కాదని చూపే భారం ప్రతివాది మీద పడుతుంది.

సాక్ష్యం దశ బయట ఊహించుకునేంత నాటకీయంగా ఉండదు. వాది చెప్పదలచుకున్నది (చీఫ్) ప్రమాణపత్రం, అంటే అఫిడవిట్, రూపంలో ముందే దాఖలవుతుంది. ఆయన వాది తరఫు మొదటి సాక్షి (పీడబ్ల్యూ1) అవుతాడు, ప్రోనోటు మొదటి ఆధారపత్రం (ఎక్జిబిట్ ఏ1) అవుతుంది. తర్వాత అవతలి వకీలు ప్రశ్నించే క్రాస్. అక్కడ అడిగే ప్రశ్నలు సాదాగానే ఉంటాయి. నోటు ఎవరింట్లో రాశారు? ఎవరు రాశారు? సాక్షిగా సంతకం చేసినాయన మీకేమవుతాడు? ఆ రోజు మీ ఖాతాలో ఎంతుంది? ఈ నాలుగో ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. వాట్సాప్ మెసేజీలు దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి తెచ్చినంత మాత్రాన సరిపోదు.

ఇక్కడే విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఒక దెబ్బ తగులుతుంది. అమెరికాలో ఉన్న కొడుకు తన బదులు పనులు చూడమని ఇక్కడ తండ్రికి జీపీఏ (అధికార పత్రం) ఇస్తాడు, తండ్రి దావా వేస్తాడు, తిరుగుతాడు, బోనెక్కి సాక్ష్యం కూడా చెబుతాడు. కానీ ప్రతినిధి తాను చేసిన పనుల గురించే చెప్పగలడు, అసలు మనిషికి మాత్రమే తెలిసిన విషయాల గురించి అతని బదులు చెప్పలేడని సుప్రీంకోర్టు 2004లో తేల్చింది. ఫోన్లో మాట్లాడి బేరం కుదుర్చుకున్నది కొడుకైతే, కొడుకే వచ్చి, లేదా కోర్టు ఒప్పుకుంటే వీడియోలో, చెప్పాలి.

అమెరికా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. గెలిస్తే వచ్చినదాంట్లో మూడో వంతు లాయరుకు అన్న ఒప్పందాలు అక్కడ మామూలు. ఇక్కడ బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు. ఫీజు గెలిచినా ఓడినా ఇచ్చుకోవాల్సిందే. గెలిస్తే ఖర్చులు ఇప్పిస్తారు నిజమే, అందులో కోర్టు ఫీజు వస్తుంది, వకీలు ఫీజు కింద లెక్కగట్టే మొత్తం ఆయనకు నిజంగా ఇచ్చినదానికి దరిదాపుల్లో ఉండదు. మానసిక క్షోభకు కోట్లు ఇప్పించే తీర్పులను ఊహించుకుని ఇక్కడ దావా వేసేవారు మొదటి వాయిదాకే చల్లబడతారు.

అన్ని గొడవలకూ సివిల్ కోర్టే దారి కాదు. ఫ్లాటు అప్పగించడం ఆలస్యమైతే రియల్ ఎస్టేట్ గొడవలు చూసే రెరా అథారిటీ ఉంది, దాని పరిధిలోని విషయాల్లో సివిల్ కోర్టు తలదూర్చకూడదని చట్టమే చెబుతోంది. కొన్న వస్తువు, పొందిన సేవ బాగాలేకపోతే వినియోగదారుల కమిషన్. అక్కడ రెండేళ్ల గడువు ఉంటుంది, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, వకీలు లేకపోయినా నడుస్తుంది.

ప్లాటు గొడవల్లో ఇంకో రకం పొరపాటు. పక్కవాడు కడీలు పాతుతున్నాడనగానే అతన్ని ఆపమని కోరే ఇంజంక్షన్ దావా వేస్తారు, ఎందుకంటే దానికి ఫీజు తక్కువ, పని త్వరగా అవుతుందని ఆశ. కానీ అవతలివాడు కూడా రిజిస్టర్డ్ డాక్యుమెంటు చూపించి "ఇది నాది" అన్నాడంటే హక్కు ఎవరిదో తేలకుండా ఇంజంక్షన్ ఒక్కటే నిలవదు. వరంగల్ ఖాళీ స్థలాల వివాదంలో 2008లో సుప్రీంకోర్టు ఈ విషయం విడమరిచి చెప్పింది. హక్కు మీద నీడ పడినప్పుడు హక్కు ప్రకటించమనే అడగాలి. ప్రేయర్ తప్పుగా రాసుకున్న దావా పదేళ్ల తర్వాత ఓడితే, ఆ పదేళ్లూ తిరిగి రావు.

మలక్‌పేట నోటు దగ్గరికి మళ్లీ వద్దాం. దావా వేసేనాటికి రెండేళ్ల వడ్డీ బాకీ ఉందనుకుంటే, నెలకు రెండు రూపాయల చొప్పున 2,88,000. అసలుతో కలిపి 8,88,000కు దావా. డిక్రీ వచ్చింది. దావా వేసిన రోజు నుంచి డిక్రీ దాకా ఎంత వడ్డీ అన్నది జడ్జి విచక్షణ. డిక్రీ తర్వాత, వ్యాపార లావాదేవీ కాకపోతే, ఏడాదికి 6 శాతం మించదు. అంటే అప్పటిదాకా 24 శాతం లెక్క కట్టుకున్న మనిషికి గెలిచిన మర్నాటి నుంచి బ్యాంకు డిపాజిట్ వడ్డీ కూడా రాకపోవచ్చు. ప్రతివాదికి మాత్రం ఇదే అన్నిటికంటే చవకైన అప్పు. ఆలస్యం చేసేకొద్దీ అతనికే లాభం.

ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని సామెత ఊరికే పుట్టలేదు. ఈ దేశంలో కక్షిదారుడి కష్టాలు డిక్రీ చేతికొచ్చాకే మొదలవుతాయని ప్రివీ కౌన్సిల్ 1872లోనే అంది. కోర్టు డిక్రీ ఇస్తుంది, డబ్బు వసూలు చేసి ఇంటికి పంపదు. దానికి డిక్రీని అమలు చేయమని కోరే ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) అనే ఇంకో పిటిషన్ వేయాలి, దానికి పన్నెండేళ్ల గడువు. ఇందులో కోర్టు అడిగే ప్రశ్న ఒక్కటే: ఓడిన మనిషికి ఏముంది? జీతం ఉంటే జప్తు చేయొచ్చు, కానీ మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండొంతులు వదిలేయాలి. ఇల్లుంటే జప్తు, వేలం. ఇల్లు భార్య పేరు మీద ఉంటే, లేదా దావా నడుస్తుండగా తమ్ముడి పేరు మీదికి మారిపోయి ఉంటే, ఆ బదిలీ బూటకమని చూపడానికి మళ్లీ పోరాటం. ఆస్తి అమ్మేసే ప్రయత్నంలో ఉన్నాడని ఆధారం ఉంటే తీర్పుకు ముందే జప్తు అడగొచ్చు. దాన్ని దావా నడుస్తుండగానే వేయాలి, గెలిచాక గుర్తుకొస్తే లాభం లేదు. సివిల్ జైలు కూడా చట్టంలో ఉంది, కానీ కట్టే శక్తి ఉండి కట్టనివాడికే. చేతిలో లేనివాడిని అప్పు కోసం జైల్లో పెట్టకూడదని 1980లో సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు డిక్రీ మీద మహిళలను అసలు అరెస్టు చేయకూడదు.

ఈపీలను ఆరు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. 2025లో హైకోర్టుల నుంచి లెక్కలు తెప్పించుకుని చూస్తే, దేశమంతటా 8 లక్షలకు పైగా ఈపీలు పెండింగ్‌లో ఉన్నాయని తేలింది.

అనుభవమున్న వకీలు కొత్త క్లయింటును నోటు చూపించమని అడిగాక రెండో ప్రశ్నగా "అవతలాయన పేరు మీద ఏముంది?" అంటాడు. మలక్‌పేట మనిషికి సర్కారు కొలువో, సొంత పేరు మీద ఇల్లో ఉంటే దావాకు అర్థం ఉంది. అద్దె ఇల్లు, మూసేసిన షాపు, నాలుగు చోట్ల అప్పులు ఉంటే 8,88,000 డిక్రీ కంటే, కంతుల వారీగా ఇస్తానన్న నాలుగున్నర లక్షలే ఎక్కువ డబ్బు కావచ్చు. ఇలాంటి రాజీకి లోక్ అదాలత్ సరైన చోటు. అక్కడ కుదిరిన ఒప్పందం అవార్డుగా వస్తుంది, డిక్రీతో సమానంగా అమలవుతుంది, దానిమీద అప్పీలు ఉండదు. పెండింగ్ దావా అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి ఇస్తారు. కంతు తప్పితే అసలు మొత్తమూ ఒకేసారి కట్టాలన్న షరతు ఆ అవార్డులో రాయించుకున్నారా లేదా అన్నది సంతకం పెట్టే ముందే చూసుకోవాలి.